వాగు దిగుడులో ఇంజను ఆపిన సంగతి

నా సర్వీసు కాగితాల్లో ఒక్క ప్రమాదం కూడా రాసి లేదు. ఉద్యోగం నుంచి దిగిపోయేనాడు మెడలో దండ వేసి, ఆ మాటే మైకులో రెండుసార్లు చెప్పారు. నేను చేతులు జోడించి కూర్చున్నాను. కాగితం అబద్ధం చెప్పలేదు గానీ ఉన్నదంతా చెప్పలేదు. ఒక ప్రమాదం జరిగింది. దాన్ని మరొకడి పేరు మీద రాశారు. వాడికి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. వాడికి మోటారు నేర్పినవాణ్ణి నేను.

కొత్తగా స్టీరింగు పట్టబోయే పిల్లల కోసం, అంతకంటే ఎక్కువగా వాళ్ళకు నేర్పబోయే పెద్దల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ యేడు ఏ హోదా వచ్చిందో, ఏ అధికారి నా భుజం తట్టాడో తెలుసుకుని ఎవరూ బాగుపడరు. నేను చెప్పేది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ఒక సేఠ్ బస్సు నడిపిన రోజుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొన్నేళ్ళు, యుద్ధంలో కొన్నేళ్ళు.

నేర్చుకున్న తీరు

నాకు మోటారు నేర్పిన పెద్దాయన పేరు ఏసోబు. అంతకుముందు ఒక మిషను ఆస్పత్రి డాక్టరమ్మ కారు నడిపి, తర్వాత మా సేఠ్ దగ్గర చేరాడు. నెమ్మదైన మనిషి. ఆదివారం ప్రార్థన తప్పేవాడు కాదు. మాకు నేర్పేటప్పుడు మాత్రం ఆయన నోట్లోంచి మాట వచ్చేది కాదు. తప్పు చేస్తే తడి తువ్వాలు వీపు మీద పడేది. ఏం తప్పు చేశామో మేమే వెతుక్కోవాలి. నేను చాలాసార్లు ఒక తప్పుకు దెబ్బ తిని వేరే తప్పు దిద్దుకున్నాను.

ఒకరోజు దోమకొండ దారిలో బెల్లం బండ్ల వరస ఒకటి మా ముందు పోతోంది. నాకు అప్పుడు పదిహేడేళ్ళు, స్టీరింగు నా చేతిలో ఉంది. రబ్బరు బుడ్డి ఉన్న హారన్ పిసకడమంటే ఆ వయసులో పండగ. పిసికాను. ఆఖరి బండి ఎడ్లు బెదిరి చేలోకి దూకాయి. బండి మీద పడుకున్న ముసలాయన కింద పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు. ఏసోబు బస్సు ఆపించి, ముసలాయన్ని లేపి, దుమ్ము దులిపి, నన్ను దింపి అదే బండి మీద కూర్చోబెట్టాడు. బస్సు తీసుకుని వెళ్ళిపోయాడు.

కామారెడ్డి దాకా ఆ బండి మీదే వచ్చాను. బండ్ల వరస ఎట్లా నడుస్తుందో ఆరోజే తెలిసింది. పదిహేను బండ్లుంటే మెలకువగా ఉండేది మొదటి బండి మనిషి ఒక్కడే. మిగతావాళ్ళు బెల్లం దిమ్మల మీద గొంగడి పరుచుకుని నిద్రపోతారు. ప్రతి జత ఎడ్లూ ముందు బండి వెనకే తలవంచుకుని నడుస్తాయి. వెనకనుంచి హారన్ మోగితే నిద్రలోంచి లేచినవాడు ఏ పగ్గం గుంజుతాడో వాడికే తెలియదు. దారిలో ఇంకో మోటారు మా వెనక వచ్చి అరిచింది. నేను బండి కొయ్యను రెండు చేతులా పట్టుకున్నాను. అప్పటిదాకా మోటారు లోపల కూర్చున్నవాణ్ణే గానీ దాని ముందు కూర్చున్నవాణ్ణి కాదు.

మంచి పాఠమే. కానీ ఏసోబు ఒక్క మాట చెప్పి ఉంటే ముసలాయన పడకపోయేవాడు కదా అని నాకు కోపం వచ్చింది. నా దగ్గర ఎవరైనా నేర్చుకుంటే నోటితో చెప్పి నేర్పుతానని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను. నోటి విషయంలో దేవుడు నాకు లోటు చేయలేదు. కామారెడ్డిలో మొదలుపెట్టిన మాట ఎల్లారెడ్డి వచ్చినా అయిపోదని మా కండక్టరు ఏడిపించేవాడు.

మల్లేశం

నేను ఉస్తాదునయ్యాక నా దగ్గరికి షాగిర్దులుగా, అంటే శిష్యులుగా, వచ్చిన పిల్లలందరూ పదహారు, పదిహేడేళ్ళవాళ్ళే. మొదట క్లీనర్లుగా చేరి, బస్సు కడిగి, ఇంజను లేపే హ్యాండిల్ తిప్పి, తర్వాత స్టీరింగుకు వచ్చేవాళ్ళు. ఆ వయసు పిల్లలతో మాట్లాడటం తేలికని ఎవరైనా అంటే నమ్మవద్దు. తల ఊపుతారు. "సరే ఉస్తాద్" అంటారు. ఆ సరే ఎక్కడికి పోతుందో తెలియదు.

అందుకని నేను రెండు పనులు చేసేవాణ్ణి. ప్రతి నియమానికీ కారణం చెప్పేవాణ్ణి. స్టీరింగు ముట్టుకునే ముందు ప్రతివాణ్ణీ ఒకరోజు బెల్లం బండి ఎక్కించేవాణ్ణి. బండ్ల వరస ముందుంటే హారన్ ముట్టవద్దు, బస్సు ఆపు, క్లీనర్ని నడిపించి మొదటి బండి మనిషికి చెప్పించు, అతను పక్కకు తీస్తే వెనకవన్నీ వాటంతటవే తీస్తాయి అని చెప్పేవాణ్ణి. ఎదురుగా వస్తే పక్కకు ఆగి, అన్నీ దాటేదాకా ఆగు అనేవాణ్ణి. ఆలస్యమవుతుందని జనం గొణుగుతారు. గొణగనీ.

మల్లేశం లింగంపేట పిల్లవాడు. తండ్రి లేడు. తల్లి ఎల్లవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. బక్కగా ఉండేవాడు గానీ చేతిలో నేర్పు ఉంది. గేరు మార్చేటప్పుడు వాడి చెవి ఇంజనుతో మాట్లాడుతున్నట్టే ఉండేది. నా షాగిర్దుల్లో అంత త్వరగా నేర్చుకున్నవాడు లేడు. వాణ్ణి చూస్తే నాకు గర్వం, దాన్ని దాచుకోవడం చేతకాదు.

బండి ఎక్కించిన రోజు సాయంత్రం మొహం వాడిపోయి వచ్చాడు.

"ఏమైందిరా?"

"ఉస్తాద్, మోటరు ఎనకనుంచి అరిస్తె గుండె జారి కడుపులవడ్డది. నాకే గట్లుంటే గా ఎడ్లకు ఎట్లుంటదో!"

"ఇగ బండ్ల మీద హారన్ కొడ్తవా?"

"సచ్చినా కొట్ట."

నా నోటి బోధన ఎంత బాగా పనిచేస్తుందో అందరికీ చెప్పుకున్నాను.

సేఠ్ పుల్ల

మా సేఠ్ చెడ్డవాడు కాదు. జీతం ఆపేవాడు కాదు, బూతు మాట అనేవాడు కాదు. కానీ యుద్ధం వచ్చి పెట్రోలు కూపన్లకు దిగాక ఆయనకు ఒక పిచ్చి పట్టుకుంది. బస్సు తిరిగి రాగానే గీతలు గీసిన వెదురు పుల్ల ఒకటి ట్యాంకులో ముంచి చూసేవాడు. అందరి ముందూ చూసేవాడు. తడి ఏ గీత దాకా ఉందో పైకి చదివేవాడు. తక్కువున్న డ్రైవరు తల దించుకునేవాడు. నా పుల్ల మీద తడి ఎప్పుడూ అందరికంటే పైన ఉండేది.

"రాజయ్యా, నీ పుల్ల జూస్తే నా పానం నిమ్మళమైతది" అనేవాడు సేఠ్.

దాని వెనక మంత్రమేమీ లేదు. దిగుడు వచ్చినప్పుడల్లా గేరు తీసేసి, స్విచ్చి తిప్పి ఇంజను ఆపేసేవాణ్ణి. బస్సు తన బరువుకు తానే జారేది. కింద మళ్ళీ స్విచ్చి తిప్పి, పెద్ద గేరులో వేసి, క్లచ్ వదిలితే ఇంజను అందుకునేది. గేరులో ఉన్న ఇంజను దిగుడులో బండిని వెనక్కి పట్టుకుని ఉంటుంది. ఆపేస్తే ఆ పట్టు పోతుంది, బరువంతా బ్రేకు మీదే. ఆ కాలపు బ్రేకులు ఇనుప కడ్డీలతో లాగేవి, రెండు నిమిషాలు తొక్కితే వేడెక్కి నీరుగారిపోయేవి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేసేవాణ్ణి. కుడి మోచేయి కిటికీ మీద పెట్టి, ఎడమచేతి రెండు వేళ్ళతో స్విచ్చి తిప్పేవాణ్ణి. బస్సు చప్పుడు లేకుండా జారుతుంటే జనం "అబ్బ" అనేవాళ్ళు. ఆ "అబ్బ" కోసం కూడా చేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మల్లేశానికి మాత్రం చేయవద్దని చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాను. ఒకరోజు వాడు అడిగాడు.

"మీరు ఆపుతరు గద ఉస్తాద్, నేనెందుకు ఆపొద్దు?"

"నువ్వు పోరనివిరా. ఇది పదేండ్లు నడిపినోళ్లు చేసే పని."

"పదేండ్లా?"

"ముందుగాల మీసం రానియ్."

అక్కడున్న క్లీనర్లు పడీపడీ నవ్వారు. మల్లేశం కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి. నా జవాబు నాకే భలేగా అనిపించింది.

ప్రతి నియమానికీ కారణం చెప్పే నేను ఆ ఒక్కదానికి చెప్పలేదు. ఎట్లా చెబుతాను? కారణం చెబితే నేనూ మానుకోవాలి. అందుకని వాడి వయసు మీదికి నెట్టాను. పద్దెనిమిదేళ్ళవాణ్ణి "నువ్వు చిన్నోనివి, వద్దు" అని ఆపితే, పెద్దవాణ్ణయ్యానని చూపించదలుచుకున్ననాడు వాడు సరిగ్గా అదే చేస్తాడు. ఇది నాకు ఆనాడు తెలియదు.

దిగుడు

యుద్ధం లారీలకు డ్రైవర్లు కావాలని పట్టుకుపోతున్న రోజులవి. మా రెండో బస్సు నడిపే అతను వెళ్ళిపోయాడు. మల్లేశానికి అప్పుడే లైసెన్సు వచ్చింది. నాకు చలిజ్వరం వచ్చి తగ్గింది. సేఠ్ పిలిచి చెప్పాడు.

"ఇయ్యాల మల్లేశాన్ని ఎల్లారెడ్డి దాక తోలనియ్. నువ్వు పక్కన కూసో. మంచిగ వోయి మంచిగ తెస్తే రెండో మోటరు వానిదే."

పొద్దున బయల్దేరాం. లింగంపేట దాకా వాడు నడిపిన తీరులో వంక పెట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. లింగంపేటలో ఎల్లవ్వ బస్సు దగ్గర నిలబడి ఉంది. ఉతికిన చీర, తలకు నూనె. పుట్టి బుద్ధెరిగాక ఆమె మోటారు ఎక్కలేదు. కొడుకు బస్సులో ఎల్లారెడ్డి దాకా పోయి తిరిగి వస్తానంది.

"నా కొడుకు తోలుతుండు, జెర జరుగుండ్రి" అని అందరినీ నెట్టుకుంటూ వచ్చి సరిగ్గా వాడి వెనక బెంచీ మీద కూర్చుంది. జనం నవ్వుతూ చోటిచ్చారు. మల్లేశం వెనక్కి తిరిగి చూడలేదు గానీ వాడి మెడ నిటారుగా అయింది.

లింగంపేట దాటాక కొంత దూరంలో రోడ్డు వాగులోకి దిగుతుంది. ఎడమపక్క తవ్విన మట్టి కట్ట, కుడిపక్క లోతు. సగంలో ఒక మలుపు. మలుపు దాటేదాకా కింద ఏముందో కనిపించదు.

దిగుడు మొదట్లో ఇంజను చప్పుడు ఆగింది.

నేను మల్లేశం వైపు చూశాను. కుడి మోచేయి కిటికీ మీద ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళు స్విచ్చి మీదినుంచి అప్పుడే లేస్తున్నాయి. అచ్చం నేనే కూర్చున్నట్టు ఉంది. వెనకనుంచి ఎల్లవ్వ "అబ్బ" అంది.

ఇక్కడ నేను నిజం రాయాలి. నాకు భయం వేయలేదు. కోపం రాలేదు. సంబరం కలిగింది. నా పోలిక వాడిలో దిగిందని లోపల మురిసిపోయాను. వద్దు అని ఒక్క మాట అనడానికి అప్పుడు సమయం ఉంది. బస్సు ఇంకా మెల్లగానే ఉంది. నేను మీసం సవరించుకున్నాను.

మలుపు తిరిగాం. కింద వాగులోంచి బెల్లం బండ్ల వరస ఎక్కి వస్తోంది. పది పన్నెండు ఉంటాయి. మొదటి బండి మాకు యాభై గజాల దూరంలో ఉంది. ఎక్కుడు కాబట్టి మనుషులు కిందికి దిగి, తలలు వంచి చక్రాలు నెడుతున్నారు. మేము వస్తున్నట్టు ఒక్కడికీ తెలియదు. చప్పుడే లేకపోతే ఎట్లా తెలుస్తుంది?

మల్లేశం బ్రేకు తొక్కాడు. బస్సు కొంచెం తగ్గింది, మళ్ళీ జారింది. కాలిన వాసన వచ్చింది. నిండా జనం, పైన మూటలు. వాడు గేరు కోసం లాగాడు. కంగారులో చిన్న గేరులోకి తోశాడు. పళ్ళు గర్రుమని రాపాడాయి గానీ పడలేదు.

"పెద్ద గేరు! పెద్ద గేరెయ్యి!" అని అరిచాను.

మళ్ళీ గర్రుమంది.

"హారన్ కొట్టు!"

వాడు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. హారన్ బుడ్డి వాడి చేతికి జానెడు దూరంలో ఉంది. వాడు ముట్టలేదు.

"బండ్లున్నయి ఉస్తాద్!" అన్నాడు.

ఇంజను ఆపడం నా చేతిని చూసి నేర్చుకున్నాడు, హారన్ ముట్టకపోవడం నా నోటినుంచి నేర్చుకున్నాడు. రెండింటిలోనూ తప్పలేదు.

నేనే చేయి చాచి బుడ్డి పిసికాను. మనుషులు తలలెత్తి పక్కకు దూకారు. అదొక్కటే దానివల్ల జరిగిన మంచి. మొదటి బండి ఎడ్లు బెదిరి అడ్డంగా తిరిగాయి. బండి రోడ్డును మూసేసింది. కుడికి పోతే లోతు, ఎదురుగా ఎడ్లు, మనుషులు.

మల్లేశం స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. బస్సు మట్టి కట్టను రాసుకుంటూ పోయి, ముందు చక్రం రాయికి తగిలింది. స్టీరింగు చక్రం ఒక్కసారిగా గిర్రున వెనక్కి తిరిగింది. వాడు వదల్లేదు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బస్సు ఒక పక్కకు ఒరిగి ఆగింది.

మనిషి ప్రాణం పోలేదు. కొందరికి తలలు పగిలాయి, ఒకాయనకు పన్ను ఊడింది. అడ్డం తిరిగిన బండిలో ఒక ఎద్దు కాలు విరిగింది. దాని ఆసామి రోడ్డు మీద కూర్చుని ఆ ఎద్దు తల ఒళ్ళో పెట్టుకున్నాడు. మమ్మల్ని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎల్లవ్వ నుదుటినుంచి రక్తం కారుతోంది, తుడుచుకోలేదు. కొడుకు కుడి మణికట్టు వేలాడుతుంటే కొంగులో పెట్టుకుని పట్టుకుంది. వాడు "ఎడ్లకేమైంది ఉస్తాద్?" అని అడుగుతున్నాడు.

అమీన్ ముందు

మర్నాడు ఎల్లారెడ్డి ఠాణాకు పిలిచారు. లోపలికి పోకముందు సేఠ్ నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"వాని చెయ్యి ఎట్లాగూ పోయింది. నీ లైసెన్సు గిట్ల పోతే నా సర్వీసే బందయితది. నువ్వు అబద్దం చెప్పకు. అడిగిందానికి మాత్రం చెప్పు."

ఠాణా అధికారి అమీన్ సాబ్ మల్లేశాన్ని నిలబెట్టి అడిగాడు. మణికట్టుకు వెదురు బద్దల కట్టు, మొహం జ్వరంతో ఎర్రగా ఉంది.

"ఇంజన్ బంద్ జేసి దిగుమని నీకు ఎవడు చెప్పిండు?"

"ఎవలు చెప్పలే సాబ్."

"నీ ఉస్తాద్ ఏం చెప్పిండు?"

"వద్దన్నడు సాబ్. మస్తుసార్ల వద్దన్నడు. నేనే ఇనలే."

అమీన్ నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే సాబ్" అన్నాను.

అందులో అక్షరం అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా అనగలిగాను. దారంతా మాట్లాడేవాణ్ణి, ఏసోబు మౌనాన్ని పదిమందిలో ఎద్దేవా చేసినవాణ్ణి, మాట్లాడవలసిన ఒకేఒక్క చోట రెండు మాటలు చెప్పి నోరు మూసుకున్నాను. మల్లేశం లైసెన్సు రద్దయింది. రెండో బస్సు ఇంకొకరికి ఇచ్చారు. నా పేరు పక్కన ఏమీ రాయలేదు.

ఎల్లవ్వ అడిగిన మాట

నెల తిరగకముందే నేను మళ్ళీ ఆ దారిలో నడుపుతున్నాను. లింగంపేటలో బస్సు ఆగినప్పుడల్లా తల తిప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఎల్లవ్వ వచ్చి కిటికీ కింద నిలబడింది. నుదుటి మీద మచ్చ ఇంకా పచ్చిగా ఉంది.

"తమ్మీ, ఒక్క మాట. నా కొడుకేమో ఉస్తాద్ తప్పు లేదు, నేనే ఇనలేదు అంటుండు. కానీ నువ్వు పక్కన్నే ఉంటివి గద. ఇంజన్ సప్పుడు బందయిందని ఎన్క కూసున్న నాకే ఎరుకైంది. నువ్వేం జేస్తున్నవ్?"

బస్సులో జనం ఉన్నారు. చెప్పకుండా బండి కదిలించవచ్చు. కానీ ఆమె తగాదాకు రాలేదు. ఆమెకు నిజంగానే తెలియదు, తెలుసుకుందామని అడిగింది.

"సంబురపడ్డ అక్కా" అన్నాను. "నా లెక్కనే తోలుతుండని సంబురపడ్డ. నేను రోజూ గట్లనే ఆపుతుంటి. వాడు నన్ను జూసే నేర్సిండు."

ఆమె కిటికీ కమ్మీ పట్టుకుంది.

"గీ మాట నాకు చెప్తె ఏమొస్తది? అమీన్ సాబుకు చెప్పు."

ఆ మధ్యాహ్నమే ఎల్లారెడ్డిలో బస్సు నిలిపి ఠాణాకు పోయి చెప్పాను. అమీన్ విని, కాగితాలు ఎప్పుడో పైకి పోయాయన్నాడు. "ఇప్పుడు రాస్తే వాని లైసెన్సు తిరిగి రాదు, నీది గూడ పోతది. గా పోరని చెయ్యి ఎట్లాగూ తిరగది. పో, పని చూస్కో" అన్నాడు. బయటికి వస్తుంటే నాకు దుఃఖం వచ్చింది, దాంతోపాటే ఊపిరి కూడా తేలికైంది. నా లైసెన్సు నిలిచిందన్న తేలిక అది. దానికి సిగ్గుపడ్డాను, ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆనాటినుంచి దిగుడులో ఇంజను ఆపనని సేఠ్‌కు చెప్పాను. నా పుల్ల మీద తడి కిందికి దిగింది. సేఠ్ గొణిగాడు. కానీ యుద్ధం ఇంకా సాగుతోంది, డ్రైవర్లు దొరకడం లేదు. ముగ్గురు కొత్త పిల్లలను త్వరగా తయారుచేయమన్నాడు. చేస్తాను గానీ మల్లేశం నాతో బస్సులో ఉండాలి అన్నాను. చేయి తిరగనివాడు ఎందుకన్నాడు. వాడు లేకపోతే నేర్పనన్నాను. సేఠ్ తిట్టుకుంటూ సరే అన్నాడు.

లింగంపేటలో వాళ్ళింటికి పోయాను. మల్లేశం తల్లి పక్కన కూర్చుని ఎడమచేత్తో బీడీ ఆకు కత్తిరిస్తున్నాడు.

"నేనొచ్చి ఏం జెయ్యాలె ఉస్తాద్? హ్యాండిల్ గిట్ల తిప్పరాదు నాకు."

"నా ఎనక కూసో. నేను పోరగాండ్లకు నోటితోని ఒకటి చెప్పి చేతితోని ఇంకోటి చేస్తే, అందరి ముందట చెప్పు."

"మిమ్ముల్నా?"

"నన్నే."

వాడు తల్లి వైపు చూశాడు. ఎల్లవ్వ చుడుతున్న బీడీ ఆపి, "పో బిడ్డా. నువ్వే చూడాలె" అంది.

మొదటి రోజు

ముగ్గురు పిల్లలూ పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు. ఒకడు మాచారెడ్డి నుంచి, ఇద్దరు కామారెడ్డి నుంచి వచ్చారు. వాళ్ళను నా పక్కన కూర్చోబెట్టాను. మల్లేశం నా వెనక, తల్లి ఆరోజు కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాడు. కామారెడ్డి నుంచి లింగంపేట దాకా నా నోరు ఆగలేదు. ఆ దిగుడులో ఏం జరిగిందో మొత్తం చెప్పాను, నా తప్పుతో సహా. ఇంజను ఎందుకు ఆపకూడదో ఈసారి కారణం చెప్పాను. పిల్లలు తలలు ఊపారు. "సరే ఉస్తాద్" అన్నారు. నేను బాగా చెప్పాననుకున్నాను.

దిగుడు వచ్చింది. బస్సు ముక్కు కిందికి వంగింది. నా నోరు ఇంకా బ్రేకుల గురించే మాట్లాడుతోంది.

"ఉస్తాద్, చెయ్యి" అన్నాడు మల్లేశం, వెనకనుంచి, మెల్లగా.

చూసుకున్నాను. నా ఎడమచేతి రెండు వేళ్ళు స్విచ్చి మీద ఉన్నాయి. ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. ముగ్గురు పిల్లలూ నా వేళ్ళను చూశారు, వెనక్కి తిరిగి వంకరగా అతుక్కున్న మల్లేశం మణికట్టును చూశారు. ఎవరూ నవ్వలేదు. నేను చేయి తీసి స్టీరింగు మీద పెట్టాను. దిగుడు అయ్యేదాకా ఇంకో మాట మాట్లాడలేదు.